గంజి పెట్టిన ఎలుగుబంటి, బాలమ్మ మేకలు

మాది భువనగిరి పక్కన చేనేత ఇల్లు. అన్న ఇప్పటికీ మగ్గం మీదే ఉన్నాడు. నేను మగ్గం వదిలి పట్టణంలో గుమస్తాగా చేరి పద్దెనిమిదేళ్లయింది. అడవి జంతువుల రక్షణ కోసం అచ్చంపేట దగ్గర గుట్టల కింద వేషాల పరుగు పెట్టారని తెలిసి పేరిచ్చాను. జంతువుల మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. డాక్టరు ఒళ్లు తగ్గించమన్నాడు, అంతే. ఎలుగుబంటి వేషం అన్న తయారు చేశాడు. మిగిలిపోయిన నల్ల నూలు పోగుల్ని పాత దుప్పటి మీద కుచ్చులుగా కుట్టి, బొచ్చు నిలబడాలని చిక్కటి గంజి పట్టించాడు. గంజి ఎందుకన్నా అంటే, "గంజి పెట్టని నూలు నూలే గాదు. ఆఫీసుల కూసునెటోనివి, నీకేం తెల్సు?" అని కసిరాడు.

శనివారం ఉదయం ఏడింటికి భువనగిరిలో బస్సెక్కి హైదరాబాద్‌లో దిగి, అక్కడ అచ్చంపేట ఎక్స్‌ప్రెస్ అందుకున్నాను. అది అచ్చంపేట చేరడానికి మూడు గంటల పైనే పట్టింది. రెండు బస్సులకూ కలిపి మూడు వందలుంటే చాలు, ఆడవాళ్లకు అదీ అక్కర్లేదు. నా గోనెసంచిని చూసి కండక్టర్ ఆగాడు. "ఏముందన్నా సంచిల?" అన్నాడు. ఎలుగుబంటి అన్నాను. "మరి లగేజీ టికెట్ కొట్టాల్నా, మనిషి టికెట్ కొట్టాల్నా?" అన్నాడు మొహం మార్చకుండా. ఏదీ కొట్టలేదు. అచ్చంపేట నుంచి పరుగు జరిగే ఊరికి ఆటో కిరాయి నూట యాభై.

పరుగుకు వచ్చినవాళ్లను ఊళ్లోని ఇళ్లలో దింపారు. నాకు మేకలు కాసే బాలమ్మ ఇల్లు వచ్చింది. తిండికీ పడకకూ కలిపి మూడు వందలు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు వడ్డించి ఎదురుగా కూర్చుంది. పరుగు షరతు ఆమెకు నాకంటే బాగా తెలుసు. వేషం తల నుంచి కాలిదాకా నిండుగా ఉండి చివరి గీత దాటితేనే, ఆ మనిషి దిగిన ఇంటి వెనక గుట్ట మీద దాతలు జంతువులకు ఒక నీటితొట్టి కట్టిస్తారు.

"ఎండకాలం గుట్ట మీద సుక్క నీళ్లుండయ్ బిడ్డా. తెల్లారంగనే ఎలుగ్గొడ్డు మా బోరు కాడికొస్తది. పోయినేడు మా ఇంటాయన మీద వడ్డది, చెయ్యి చీరింది. అప్పటిసంది పొద్దెక్కేదాక నేను బోరు దిక్కు పోను. మేకలు దూపకు అరుస్తుంటె ఇంట్ల కూసొని ఏడుస్త" అంది. తర్వాత నా పొట్ట వైపు అనుమానంగా చూసింది. "ఉరుకుతవా మరి?"

"ఉరుకుత అవ్వా" అన్నాను. అన్నానే గానీ, రెండో రొట్టె వద్దని చెయ్యి అడ్డం పెట్టాను.

ఆదివారం ఆరున్నరకు పరుగు మొదలైంది. ముందు పులులు, నెమళ్లు, ఒక ఉడుము, వెనక నేను. రెండు కిలోమీటర్లు బాగానే సాగింది. ఎండెక్కేసరికి చెమటకు గంజి కరిగి ఒళ్లంతా జిగటయింది, పులిసిన వాసన మొదలైంది. బోరు మలుపులో బాలమ్మ మందను తోలుకొస్తోంది. ఎలుగుబంటిని చూస్తే మేకలు పారిపోవాలి కదా! ఇవి గంజి వాసనకు, కుడితితొట్టిని చూసినట్టు ఎగబడ్డాయి. ఒకటి పిక్క దగ్గర బొచ్చు పీకింది, రెండు వీపెక్కాయి. నేను ఉరికితే అవీ ఉరికాయి. బాలమ్మ కట్టె పట్టుకుని "హేయ్, మీ పాడుగాను!" అంటూ వచ్చి తరిమేసరికి వీపు మీద, ఎడమ కాలి మీద బొచ్చు లేదు. లోపలి నీలం ప్యాంటు కనిపిస్తోంది.

దారి పక్కన కూలబడ్డాను. "అయిపోయింది అవ్వా. నీ తొట్టిని నీ మేకలే తిన్నయ్."

ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. నాకు సిగ్గేసింది. పోగుల్ని ఉత్త నీళ్లలో ఒకసారి జాడించుకుని వచ్చినా సంగతి ఇంతదాకా వచ్చేది కాదు. ఆమె భుజం మీది నల్ల గొంగడి తీసి దులిపింది. "లే బిడ్డా" అంది. వీపు మీంచి ఎడమ కాలి మడమదాకా కప్పి, మేకల తాడుతో నడుం దగ్గరా మోకాలి దగ్గరా బిగించి కట్టింది. మిగిలిన దూరమంతా ఆ బరువుతో ఈడ్చుకుంటూ వెళ్లాను. అందరికంటే చివర నేనే.

గీత దగ్గర చీటీ పట్టుకున్న అమ్మాయి నా చుట్టూ తిరిగి చూసింది. "సార్, ఇది గొంగడి కదా?" అంది. నేను రొప్పుతున్నాను. ఈలోగా అడ్డదారిన వచ్చిన బాలమ్మ మధ్యలో దూరింది. "వీళ్లన్న నూలు కుడితె బొచ్చాయె, నేను ఉన్ని కప్పితె గాదా? యాడ బోసిగున్నదో సూపియ్యి బిడ్డా!" ఆ అమ్మాయి తల నుంచి కాలిదాకా మరోసారి చూసి, నవ్వాపుకోలేక చీటీలో టిక్కు పెట్టింది.

ఇలాంటి పరుగులతో అడవికి ఎంత మేలో నేను చెప్పలేను. నేనైతే మూడో కిలోమీటరు తర్వాత జంతువులను తలచుకోలేదు, బాలమ్మ కళ్లను తలచుకునే ఉరికాను. మీరు వెళ్లేటట్టయితే ఒకటే మాట: వేషం కొత్తదైతే ముందురోజే నీళ్లలో జాడించి, ఆరబెట్టి తొడుక్కోండి. ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున్నే బాలమ్మ ఫోన్ చేసింది. గుట్ట మీద తొట్టి కట్టి నీళ్లు నింపారట. వెనక మేకల అరుపులు, బోరు నీళ్ల చప్పుడు వినిపిస్తున్నాయి. ఎక్కడున్నావవ్వా అని అడిగాను.

"బోరు కాడనే బిడ్డా. ఇంకా పొద్దు పొడ్వలే. ఒక్కదాన్నే వచ్చిన" అంది.