వదినకు చెప్పకుండా దించిన శ్రుతి

ఒక బ్యాండులో గిటారు వాయించే ఆయన పగలు వడ్రంగి. సాయంత్రం రంపప్పొట్టు ఊడ్చేసి ఆ షెడ్డులోనే సాధన. రెండు గిటార్లు, ఒక డప్పు, ఒక ఫ్లూటు. పాడేది ఆయన వదిన. కోతల పాటలకూ జోలపాటలకూ రాక్ దరువేస్తే "ఇదేం చోద్యమమ్మా!" అని ముక్కున వేలేసుకున్నవాళ్ళే, తర్వాత ఆ పాటలు పాడి పిల్లల్ని నిద్రపుచ్చారు.

వదిన బస్‌స్టాండులో టికెట్ల కౌంటరు మనిషి. ఆవిడ గొంతెత్తితే హాల్లో కునికేవాడు కూడా నిటారుగా కూర్చోవాల్సిందే. శ్రుతి చూసే పని మాత్రం మరిదిది. ఆయన తీగ మీటితే ఆవిడ అందుకునేది. ఏ శ్రుతి అని ఒక్కనాడూ అడగలేదు.

వయసు ఊరుకుంటుందా? ఒకసారి పై స్థాయిలో ఆవిడ గొంతు జీరపోయింది. మరిది కిక్కురుమనకుండా తర్వాతి కచేరీకి తీగలు కాస్త వదులు చేశాడు. మరికొన్నాళ్ళకు ఇంకాస్త. గిటారు సరే, ఫ్లూటును దించడమెలా? పాపం ఫ్లూటాయన పొడుగాటిది కొత్తగా కొనుక్కుని, "మీ వదినేమో గానీ నా వేళ్ళు సాగిపోతున్నాయిరా బాబూ" అని సణిగేవాడు. అయినా ఎవరూ నోరు జారలేదు. తెలిస్తే ఆవిడ పాడటం మానేస్తుందని అందరికీ భయమే.

బ్యాండు ఆగిపోయాక, కుర్రవాళ్ళు కొందరు వీళ్ళ పాటలతో కచేరీ పెట్టారు. ఒక్క పాట పాడమని వదినను పిలిచారు. ఆవిడ వేదికెక్కింది. గిటారు మోగగానే హాల్లో కూర్చున్న మరిది లేచి నిలబడ్డాడు. అది తమ బ్యాండు మొదటి క్యాసెట్టు నాటి పై శ్రుతి!

గబగబా వేదిక పక్కకు వెళ్ళి, గిటారు కుర్రాడితో "నాయనా, కాస్త దించరా" అని గొణిగాడు.

"క్యాసెట్టులో ఇలాగే ఉంది కదా మాస్టారూ?"

"దించు బాబూ," అంది వదిన, హాలంతా వినపడేలా. "మా మరిది ఎప్పటినుంచో దించుతూనే ఉన్నాడు. నాకు తెలీదనుకుంటున్నాడు, పిచ్చి మారాజు! అతను దించబట్టే ఇన్నాళ్ళు పాడాను. లేకపోతే ఎప్పుడో సిగ్గుపడి ఇంట్లో కూర్చునేదాన్ని. " మరిది వైపు తిరిగింది. "నీ మేలు మర్చిపోనయ్యా. రా, నువ్వే దించు."

కుర్రాడు గిటారు అందించాడు. కళ్ళు మసకబారి ఆయనకు తీగలు బిగించే మరలు కనపడలేదు. చేత్తో తడుముకుంటూ ఒక్కో తీగే దించాడు, మొదటిసారి అందరూ చూస్తుండగా.