మడతక్క శుక్రవారం మనవి

మడతక్క మోకాళ్ళూనితే దేవుడు తింటున్న ముద్ద పళ్ళెంలో వదిలేసి లేచి వస్తాడని ఆ వీధిలో చెప్పుకుంటారు. ఆవిడ మోకాళ్ళ ఒరిపిడికి ప్రార్థన మందిరం గచ్చు రెండు చోట్ల మూకుడులా గుంటపడిందట. బీరువా జరిపినప్పుడు పడ్డ గుంటలవి అనేవాళ్ళూ లేకపోలేదు గానీ, అలాంటి ఉప్పూ కారం లేని నిజాలు ఎవరికి కావాలి? ఇరవై ఏళ్ళు ఒక్క శుక్రవారమైనా ఎగ్గొట్టకుండా ఒకే మనిషి కోసం మొరపెట్టి, పీకల్దాకా తాగి నరకం గుమ్మంలో ఒక కాలు పెట్టిన తమ్ముణ్ణి కాలరు పట్టుకుని వెనక్కి ఈడ్చుకొచ్చిందని కథ.

కాలరు పట్టడం ఆవిడకు ఒకరు నేర్పాలా! లాండ్రీ వెనకగదిలో, ఆవిరికి పెచ్చులూడిన గోడ పక్కన, రోజుకు ఎనభై చొక్కాలు. ముందు కాలరు, రెండు కొసల నుంచి మధ్యకు. తర్వాత భుజం, చేతిపట్టీలు, చేతులు. ఛాతీ అన్నిటికన్నా చివర. ఆవిడ పెట్టిన మడతతో కూరగాయలు తరగొచ్చని లాండ్రీ యజమాని గొప్పలు పోతాడు. అలా మడతక్క అయింది. అసలు పేరేమిటో ఆవిడే ఒక్కోసారి తడుముకునేది.

తమ్ముడు ఇళ్ళకు రంగులేసే పనివాడు. పదకొండేళ్ళు చిన్న. వాడికి అన్నం తినిపించిందీ, అక్షరాలు దిద్దించిందీ ఈవిడే. కుంచె చేతిలో ఉంటే వాడు గీసిన గీత వెంట్రుకవాసి వంకరపోదు. సాయంత్రమైతే కాళ్ళే వంకర్లు పోయేవి. తల్లి మంచాన పడ్డ నెలలో, మందుల కోసం అమ్మమని ఇచ్చిన ఆమె ఉంగరాన్ని తాగేసి వచ్చాడు. తల్లిని సమాధి చేసిన మధ్యాహ్నం కూడా తూలుతూనే వచ్చాడు. అందరి ముందూ మడతక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మనిషివైనాక రా. అప్పటిదాకా నా గడప తొక్కావంటే ఊరుకోను."

వాడు తూలుతూనే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ వారమే శుక్రవారం కూటంలో ఆవిడ మొదటిసారి లేచి నిలబడింది.

ఆ కూటంలో ఒక పద్ధతి ఉంది. పాట అయ్యాక ఎవరికి ఏ కష్టముందో లేచి చెప్పాలి. అందరూ కళ్ళు మూసుకుని దాని కోసం ప్రార్థించాలి. మిగతావాళ్ళ మనవులు మూడు ముక్కల్లో తేలిపోయేవి: నడుం నొప్పి, పిల్లాడి పరీక్ష, ఇంటి ఓనరు. మడతక్క మనవి మాత్రం చొక్కా ఇస్త్రీ చేసినట్టు కాలరు నుంచి మొదలయ్యేది. ఉంగరం, సమాధి రోజున తూలడం, మురికికాలవలో పడి నిద్రపోవడం, ఒక్క ముడత వదిలేది కాదు. దేవుడికి తెలియదని కాదు, మరిచిపోతాడేమోనని. వెనక బెంచీలో పిల్లలకు కూడా అంతా కంఠతా వచ్చేసింది. దగ్గొచ్చి ఆవిడ ఎక్కడైనా ఆగితే, "ఉంగరం, అత్తా!" అని అందించేవాళ్ళు.

పాస్టరమ్మ ఒకసారి పక్కకు పిలిచి అంది, "మనవి సరే అక్కా, ఒక్కసారి వెళ్ళి చూసి రారాదూ? ఆ చివర పేటలో ఉంటున్నాడట. బస్సెక్కితే ముప్పావుగంట."

"నేను వెళ్తే అది నా పని అవుతుందమ్మా. దేవుడి పని దేవుణ్ణి చెయ్యనివ్వాలి. ఆయన టైమంటూ ఒకటుంటుంది."

అది విశ్వాసమే, అందులో నటన లేదు. జ్వరమొచ్చిన శుక్రవారాలు దుప్పటి కప్పుకుని వెళ్ళింది. వేడి ఇస్త్రీపెట్టె పాదం మీద పడి బొబ్బలెక్కిన శుక్రవారం కుంటుకుంటూ వెళ్ళింది. ఒంటి మనిషి, అయినా రోజూ పొయ్యి మీద పెట్టేది ఇద్దరికి సరిపడా. వాడు ఎప్పుడొస్తాడో ఎవరికి తెలుసు?

అలా పన్నెండో ఏట, ఒక మంగళవారం, లాండ్రీ వెనకగది తలుపు దగ్గర ఒక అమ్మాయి నిలబడింది.

"ఏం తెచ్చావమ్మా? చొక్కాలా, దుప్పట్లా?" అంది మడతక్క తల ఎత్తకుండా.

"బట్టలు తేలేదండీ. మడతక్క అంటే మీరే కదూ? నేను మీ మరదల్ని."

మడతక్క నవ్వేసింది. "నాకు మరదలెక్కడిదమ్మా. ఉన్న ఒక్క తమ్ముడూ సీసాను కట్టుకున్నాడు."

"సీసా వదిలేసి ఏడేళ్ళయిందండీ. నన్ను చేసుకుని నాలుగేళ్ళు. పాప కూడా ఉంది." ఆ అమ్మాయి చూపు తిప్పుకోలేదు. "వదినగారూ, మీకు దండం పెడతాను. ఆయన కోసం ప్రార్థన చెయ్యడం మానెయ్యండి."

ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో తెల్లచొక్కా కమిలిపోతోంది. "ఎత్తండి, కాలిపోతోంది," అని కూడా ఆ అమ్మాయే చెప్పాల్సి వచ్చింది.

జరిగింది ఇదీ. సెలవుల్లో ఒక బడి మొత్తానికి రంగులేసే పని తమ్ముడికి ఖాయమైంది. ఆ బడి మేనేజరు ఇంటికెళ్ళి, ఫలానా అతనికి ఇచ్చానని భార్యతో అన్నాడు. ఆ భార్య శుక్రవారం కూటానికి తప్పకుండా వచ్చే మనిషి. "అయ్యో, వాడికా! మొన్ననే కదండీ వాడి కోసం ప్రార్థన చేశాం. కాలవలో పడుంటాడట," అంది. తెల్లారేసరికి పని ఇంకొకరిదైంది.

"పని పోతే ఇంకోటి వస్తుందండీ," అంది మరదలు. "నిన్న ఆయన అన్నం ముందు కూర్చుని, 'మా అక్క నన్నింకా ఆ కాలవలోంచి లేవనివ్వలేదు' అన్నారు. అది విని ఉండబట్టలేక వచ్చాను. నేను వచ్చినట్టు ఆయనకి తెలీదు."

ఆదివారం మడతక్క బస్సెక్కింది. ముప్పావుగంట కూడా పట్టలేదు. ముప్పై ఆరు నిమిషాలు.

రెండు గదుల ఇల్లు. మెట్ల కింద కడిగిన కుంచెలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. తలుపు తీసిన తమ్ముడికి చెవుల దగ్గర నెరిసింది. అప్పుడే ఏదో మందిరం నుంచి వచ్చినట్టున్నాడు, చేతిలో బైబిలు ఇంకా అలాగే ఉంది.

"రండి," అన్నాడు. "కూర్చోండి."

'నువ్వు తినిపిస్తేనే తింటా' అని వెంటబడి ఏడిచినవాడు! ఆ మర్యాదకు ఆవిడ కుర్చీ అంచునే కూర్చుంది. చెంపదెబ్బ కొట్టినా కాస్త దగ్గరివాడిలా ఉండేవాడు.

"నువ్వు మానేశావని నాకెవరూ చెప్పలేదురా."

"చెబుదామనే వచ్చానండి, ఆరేళ్ళ కిందట. మీ గడప తొక్కొద్దన్నారు కదా, అందుకని మందిరానికి వచ్చాను. శుక్రవారం. వరండాలో నిలబడ్డాను. అప్పటికి మీరు ఉంగరం దాకా వచ్చారు."

"లోపలికి రాకపోయావా నాయనా!"

"అందరూ కళ్ళు మూసుకుని నా కోసం ప్రార్థన చేస్తున్నారు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నేనే ఉంటే బాగుండదనిపించింది."

మడతక్క వాడి మొహం చూడలేక చొక్కా చూసింది. చేతి మీద ఒకదాని పక్కన ఒకటి రెండు గీతలు. ఎవరో చేతకానివాళ్ళు చేసిన ఇస్త్రీ.

"తప్పయిపోయిందిరా," అంది.

"అయ్యో, అంత మాటెందుకండి. నేనెప్పుడో వదిలేశాను."

నిజంగానే వదిలేశాడు. గొంతులో కోపం కూడా మిగల్లేదు. అదైనా ఉంటే పట్టుకుని వేలాడటానికి ఆవిడకు ఏదో ఒకటి దొరికేది. మంచినీళ్ళు ఇచ్చాడు. పాపను చూపించి, "అత్తకు నమస్కారం చెప్పు," అన్నాడు. బస్సు దాకా వచ్చి, ఆవిడకు సీటు దొరికేదాకా నిలబడ్డాడు. మళ్ళీ రమ్మని మాత్రం అనలేదు.

ఆ శుక్రవారం మనవుల వేళ మడతక్క లేచింది. అలవాటు కొద్దీ అందరూ కళ్ళు మూసుకున్నారు.

"కళ్ళు తెరవండి," అంది. "మా తమ్ముడు తాగుడు మానేసి ఏడేళ్ళయింది. నాకు తెలీదు, తెలుసుకోలేదు. ఇన్నాళ్ళూ మీ అందరిచేతా వాడి మీద అబద్ధం చెప్పించాను. నన్ను మన్నించండి."

తర్వాత వెనక నుంచి ఎవరో "స్తోత్రం!" అన్నారు. అంతే, మందిరం కప్పు లేచిపోయింది. ఫలించింది, అక్క ప్రార్థన ఫలించింది! చప్పట్లు, కన్నీళ్ళు, కౌగిలింతలు. మేనేజరుగారి భార్య అందరికన్నా గట్టిగా ఏడ్చింది. "అది కాదండీ..." అని మడతక్క మూడుసార్లు మొదలుపెట్టింది. మూడుసార్లూ పాట ఎత్తుకున్నారు. ఆ ఆదివారం పాస్టరుగారి ప్రసంగం ఆవిడ ఓపిక మీదే. పన్నెండేళ్ళు వీధి చివరికి వెళ్ళేసరికి పదిహేనయ్యాయి, బస్టాండు దాటేసరికి ఇరవై అయ్యాయి.

మడతక్క ఇప్పటికీ శుక్రవారం మానదు. మనవుల వేళ మాత్రం లేవదు. తమ్ముడి పేరు ఇస్త్రీ చేస్తూ పెదవి కదపకుండా అనుకుంటుంది. ఒట్టి పేరే, వెనకా ముందూ ఏమీ తగిలించదు. నెలకోసారి బస్సెక్కుతుంది. వాడు తలుపు తీస్తాడు, "రండి" అంటాడు. ఏదో ఒక రోజు నోరు జారైనా "రా" అనకపోతాడా అని కూర్చుంటుంది, మంచినీళ్ళు తాగుతుంది, వస్తుంది. దేవుడు వింటాడా అన్న అనుమానం ఆవిడకు ఏ రోజూ రాలేదు. ఆయన వినే, వాణ్ణి వరండా దాకా తెచ్చి నిలబెట్టాడు. ఆయన వైపు పని తను బస్సెక్కడానికి ఆరేళ్ళ ముందే అయిపోయిందన్నదే మింగుడుపడని సంగతి.

మొన్న ఒక కొత్త కోడలు బట్టల మూటతో వచ్చి బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "అక్కా, ఇరవై ఏళ్ళు పట్టు వదలకుండా తమ్ముణ్ణి నరకంలోంచి లాక్కొచ్చారట కదా! మా ఆయన పేరు కూడా మీ ప్రార్థనలో పెట్టుకోండి. ఆయన ఏమేం చేస్తాడో అన్నీ చెబుతాను."

మడతక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టి పక్కన పెట్టింది.

"ఇరవై కాదమ్మా, పన్నెండు. వాణ్ణి నేనేం లాక్కురాలేదు. వాడే మానేశాడు, వాడే నడిచి వచ్చాడు. నేనప్పుడు కళ్ళు మూసుకుని ఉన్నాను."