మెసయీద్ క్యాంపులో భంగు పకోడీ

హోలీనాడు మెసయీద్‌లో మా తమ్ముడుండే కార్మికుల క్యాంపుకి వెళ్ళాను. వంటచేసే రాజన్న, నిర్మల్ నుంచొచ్చినవాడు, వేడివేడి పకోడీలు పెట్టి, "భంగు పకోడీ సార్, ఇంటికాడ మా అవ్వ చేసినట్టే చేసిన" అన్నాడు. చేతిలో పకోడీని తిరిగి ప్లేటులో పెట్టేశాను. ఈ అరబ్బు దేశంలో గంజాయి ఆకు తింటే జైలే! చుట్టూ అందరూ ఊగిపోతూ పాడుతున్నారు.

వంటగదిలోకి పరిగెత్తితే రాజన్న నా చెవిలో చెప్పాడు. "ఉత్త మెంతికూర సార్. వాళ్లకు చెప్పకుండ్రి, ఖుషీగున్నరు."

బయటికొచ్చాక నా మొహం చూసి తమ్ముడు నవ్వాడు. "మెంతికూరేనని మా అందరికీ తెలుసన్నయ్యా. రాజన్నకి మాత్రం చెప్పకు. మమ్మల్ని ఊగించానని మురిసిపోతాడు."

రాజన్న ఇంకో ప్లేటు పట్టుకొచ్చాడు. నేనూ కాస్త ఊగాను.