చివరిదాకా చూసింది మా అక్క

మొన్న ఆదివారం చర్చి నుంచి వట్లూరులో మా అమ్మాయి ఇంటికి వచ్చి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నానా, మనవరాలు ఫోను పట్టుకుని విరగబడి నవ్వుతూ పక్కన చేరింది. ఫోను చూసి నవ్వే నవ్వులు నాకు గిట్టవు. అయినా వంగి చూస్తే, ఒక మనిషి నిచ్చెన ఒక్కటే ఆయుధంగా పదిమందితో కొట్లాడుతున్నాడు. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి, చైనా సినిమాలు అనేవాళ్ళం. హాంకాంగులో తీసినవట, ఆ భాష కాంటనీసట, ఇన్నేళ్ళకు మనవరాలు చెబితే తెలిసింది. మన ఊళ్ళకు వచ్చేటప్పటికి దాని మీద ఇంగ్లీషు అతికించి ఉండేది కానీ, మాకు రెండూ ఒకటే.

కొట్లాట అయిపోయి పేర్లు పడుతుంటే పక్కన ఏవో తునకలు వచ్చాయి. అవి చూశాక నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఎందుకో చెప్పాలంటే ముందు మా అక్క సంగతి చెప్పాలి.

అక్కకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. నాకు నాలుగో తరగతితో బడి ఆగిపోయాక కొన్నాళ్ళు పొలం పనులకు వెళ్ళి, ఆ తర్వాత ఇద్దరం తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల గొడౌనులో కుదిరాం. మా ఊరు నల్లజర్ల దగ్గర, పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. సరుకు లారీ ఆలస్యమైన రోజున ఏరడానికి ఉల్లిపాయలు ఉండవు కాబట్టి మమ్మల్ని వదిలేసేవారు. అలాంటప్పుడు అక్క నా కొంగు పట్టుకుని సినిమా హాలు వైపు లాక్కుపోయేది. టిక్కెట్టు దండగని నేను సణిగేదాన్ని, ఆవిడకు వినపడదు కదా.

తెలుగు సినిమాలంటే అక్కకు విసుగు, అందరూ మాట్లాడుతూనే ఉంటారు. చర్చిలో పాస్టరుగారి పెదవులు చూసీ చూసీ సగంలో నిద్రపోయేది. చైనా సినిమాలో మాత్రం హాల్లో ఎవరికీ మాట అర్థం కాదు, అందరూ కళ్ళతోనే చూడాలి, ఆ పనిలో అక్కను మించినవాళ్ళు లేరు. ఆడవాళ్ళ వైపు మేమిద్దరమే ఉండేవాళ్ళం, అందరికంటే ముందు అక్క నవ్వేది, నేల క్లాసు వాళ్ళు వెనక్కి తిరిగి చూసి తర్వాత నవ్వేవారు.

నేను నవ్వేదాన్ని కాదు. బెంచీ, గొడుగు, బకెట్టు, ఏది దొరికితే అది పనికి వాడుకునే ఆ నిచ్చెన మనిషి ఒడుపు నాకూ నచ్చేది, అబద్ధమెందుకు. కానీ అన్ని కుర్చీలు విరగడం, అన్ని పింగాణీ సామాన్లు బద్దలు కావడం చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. పైగా ఒక మనిషి మెట్ల మీద నుంచి దొర్లితే నవ్వేదేమిటి అనిపించేది. అదంతా ఉత్తుత్తిదేనని, తాళ్ళు కట్టి లాగుతారని చేతులతో చెబితే అక్క తల అడ్డంగా ఊపేది. తన పక్కటెముకలు నొక్కి చూపించి, ముఖం బాధగా పెట్టేది. నిజంగానే తగిలిందని ఆవిడ వాదన.

సాయంత్రం బస్సు కోసం మేం ఎప్పుడూ చివరి దెబ్బ పడగానే లేచి పరిగెత్తేవాళ్ళం. ఒకరోజు నేను గేటు దాకా వచ్చేసి చూస్తే వెనకాల అక్క లేదు. లోపలికి వెళితే, జనమంతా లేచి పోతుంటే తానొక్కతే నడవలో నిలబడి పేర్లు పడుతున్న తెరను చూస్తోంది. రెక్క పట్టుకుని లాక్కొచ్చేటప్పటికి బస్సు పోయింది. ఉల్లిపాయల లారీ వెనకాల ఎక్కి వచ్చాం. దారంతా అక్క నా ముందు చేతులు తిప్పుతూ ఏదో చెప్పబోవడం, నేను కోపంతో ముఖం అటు తిప్పుకోవడం. వినపడని మనిషి ముందు ముఖం తిప్పుకోవడమంటే ఆ మనిషి నోరు మూసేయడమేనండీ. అది తెలిసే చేశాను.

గొడౌనులో అన్నం తినే వేళ అక్క ఆ సినిమా అంతా చేసి చూపించేది, తూలడం, జారడం, గోడకు గుద్దుకోవడం. ఆడవాళ్ళు పొట్ట పట్టుకునేవారు, చైనా పిల్ల అని పేరు పెట్టారు. అక్క మాత్రం అందరినీ వదిలేసి నా ముఖమే చూసేది. నేను ముఖం బిగించుకుని అన్నం తినేదాన్ని.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, పేర్చిన బస్తాల పైన నిలబడి ఉన్న అక్క కాలి కింద బస్తా జారింది. రెండు చేతులూ గాలిలో తిప్పుతూ, ఒక కాలు పైకెత్తి, అచ్చు ఆ సినిమా మనిషిలాగే వచ్చి గచ్చు మీద పడింది. ఎవరో, "చాల్లే చైనా పిల్లా, ఇక లే" అన్నారు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. జీవితంలో మొదటిసారి ఆవిడ చేష్టకు పళ్ళు కనబడేలా నవ్వాను. అక్క గచ్చు మీద నుంచే నన్ను చూసింది. చూసి, చెయ్యి పైకెత్తి బొటనవేలు చూపించి, అందరికీ ఊపింది. దానికి ఇంకాసేపు నవ్వాం. ఎంతకీ లేవకపోతే అప్పుడు దగ్గరికి వెళ్ళాను. తుంటి విరిగింది.

ఊతకర్రతో ఇంకా తొమ్మిదేళ్ళు బతికింది. మళ్ళీ ఏ వేషమూ వేయలేదు, నేనూ ఆ ఊసెత్తలేదు. ఇప్పటికీ చర్చిలో ప్రార్థనకు అందరూ చేతులెత్తితే వాటి మధ్య ఆ చెయ్యి కనబడి కళ్ళు మూసుకుంటాను. నా నవ్వు చూసి ఏమనుకుందో, అంత నొప్పిలో ఆ చెయ్యి ఎందుకు ఊపిందో, నలభై ఏళ్ళుగా నాకు తేలలేదు.

మొన్న ఫోనులో చూసిన ఆ తునకలు సినిమా తీసేటప్పుడు గురి తప్పినవి. వాటిలో, ఎత్తు నుంచి దూకబోయి ఆ సినిమా మనిషి నిజంగానే పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ముందు నవ్వి, తర్వాత పరిగెత్తారు. మోసుకుపోతుంటే వాళ్ళు కంగారుపడకూడదని బొటనవేలు చూపించి చెయ్యి ఊపాడు.

"ఇది నిజంగా తగిలిందే అమ్మమ్మా, ఉత్తుత్తిది కాదు" అంది మనవరాలు.

తెలుసమ్మా అన్నాను. ఆ రోజు లారీలో మా అక్క చెప్పబోయింది, నేనే చూడలేదు.

ఆ హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. నల్లజర్లకు బస్సులు వస్తూనే ఉంటాయి, దేనికీ పరిగెత్తక్కర్లేదు. ఒకడు పడిన ముక్కను పిల్లలు పదిసార్లు వెనక్కి తిప్పి చూస్తున్నారు. నేనూ ఆ చెయ్యి ఊపిన చోటు మళ్ళీ వేయమన్నాను. అక్క నా నవ్వు కోసమే అన్నాళ్ళు చూసింది. అది వచ్చిన ఆ ఒక్కసారి, దాన్ని ఆపేయడం ఇష్టంలేక చెయ్యి ఊపిందేమో.