జాడీలో వచ్చిన చుట్టం

ఆ రోజుల్లో నాకు ప్రతి చప్పుడూ ప్రమాదమే. పిల్లలు దగ్గితే ప్రమాదం, దగ్గకపోతే ఇంకా పెద్ద ప్రమాదం. అందుకే ఆ సాయంత్రం తెనాలిలో మా ముందుగదిలో చిన్నవాడు గాజుతొట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి ఆల్చిప్పలు కదుపుతుంటే, నీళ్లలోంచి టక్కుమని వినబడగానే పప్పుగిన్నె వదిలేసి వాణ్ణి జబ్బ పట్టుకుని లాగేశాను. వేళ్లు లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. (రెండో చేతివీ లెక్కపెట్టాను. అది నీళ్లలో పెట్టనే లేదు.)

"బల్లే అమ్మాయ్, కంగారుపడకు" అన్నారు అత్తయ్య.

తొట్టిలోవి ఉప్పునీళ్లు. జంతుశాస్త్రం చదివిన కోడలు ఊరికే ఉండదు కదా. క్రితం వారం రేపల్లెలో ఆడపడుచు ఇంటికి వెళ్లి, అక్కణ్ణుంచి సముద్రపుపాయ దాకా పోయి, ఒకదానికొకటి అతుక్కుపోయిన ఆల్చిప్పల గుత్తినీ, రెండు చిన్న చేపల్నీ తెచ్చాను. నీళ్లు తేవడానికి, అత్తయ్య కూతురికి ఆవకాయ పంపిన జాడీలు ఖాళీగా దొరికాయి. రైల్లో పక్కావిడ "ఆవకాయా అమ్మా?" అని అడిగింది. సముద్రమండి అన్నాను. తెనాలి వచ్చేదాకా ఆవిడ మళ్లీ మాట్లాడలేదు.

జాడీల సంగతి తెలిసినప్పట్నుంచీ అత్తయ్యకు ఆ తొట్టి మీద కోపం. అది ఇంట్లో ఉండకూడదని మొదటిరోజు ఆవిడ అంటుండగానే టక్కుమంది. ఆవిడ వేలితో నేల తట్టి "సత్యం" అన్నారు. బల్లి పలికితే అన్నమాట నిజమవుతుందని మా ఇళ్లలో నమ్మకం. ఇక ఆ వారమంతా బల్లి ఆవిడ పక్షమే. మంగళవారం బాపట్ల ప్రయాణం వద్దన్నారు, టక్. కోడలు చారులో ఉప్పెక్కువ వేసిందన్నారు, టక్. మావారు కేలెండరు వెనకా ఫొటోల వెనకా వెతికి, అది కూడా అమ్మకు భయపడి దాక్కుందని తేల్చారు.

నేను వాణ్ణి లాగేసిన ఆ సాయంత్రమే, మర్నాడు పొద్దున్నే తొట్టిని కాలవలో పారబోయాలని అత్తయ్య తీర్పు. పిల్లలిద్దరూ ఏడుపు. నా భయం వేరు. ఈసారి చప్పుడు నీళ్లలోంచే వచ్చింది. కాలేజీలో చెప్పిన విషపునత్తలూ ముళ్లపురుగులూ వరసగా గుర్తొచ్చాయి. పాత పుస్తకం తీశాను. అందులో బొమ్మలున్నాయి గానీ చప్పుళ్లు లేవు. చివరికి చీపురుపుల్లతో గుత్తిలోని సందులన్నీ పొడిచి చూశాను. ఒక సందులో టక్కుమని, పుల్ల అదిరింది. చిటికెనవేలంత రొయ్య తొంగిచూసింది. ముందుకాళ్లలో ఒకటి మరీ లావుగా, పట్టకారులా ఉంది. దాన్ని మూసినప్పుడల్లా టక్.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు. "ఏంటి, వారం నుంచీ నాకు సత్యం చెప్పింది రొయ్యా?"

మావారు గోడవైపు తిరిగి నవ్వాపుకుంటున్నారు. అత్తయ్య కళ్లజోడు తీశారు.

"ఉండనీలే అమ్మాయ్. నేను కాపురానికొచ్చినప్పట్నుంచీ ఈ ఇంట్లో నా మాటకు ఊఁ కొట్టింది ఇదొక్కటే. జాడీలు మాత్రం ఇక నువ్వే ఉంచుకో."

ఇప్పుడు పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తుంటే, లేని ప్రమాదానికి వేళ్లు లెక్కపెట్టిన ఆ అమ్మను తలుచుకుని నవ్వొస్తోంది, కాస్త జాలీ వేస్తోంది. (నిన్న కూడా లెక్కపెట్టాననుకోండి.)

రొయ్య దొరికిన మర్నాడు పొద్దున పిల్లలిద్దర్నీ తొట్టి ముందు నిలబెట్టి, "ఈ రొయ్య మిమ్మల్నేం చెయ్యదు. కానీ ఇందులో చెయ్యి పెడితే నేను కరుస్తాను" అని చెప్పాను.

వెనకనుంచి టక్కుమంది. వంటింట్లోంచి అత్తయ్య, "సత్యం" అన్నారు.