పేరు చెప్పని ప్రార్థన

“...పేరు నేనెక్కడ చెప్పిన ఫ్లోరెన్సూ? ఒక్కసారన్న నా నోట్ల నుంచి వచ్చిందా?”

“పేరెందుకక్కా ఇంక? టేకులపల్లి దాటినాక అడవిల ఊరన్నవ్. నాయిన లేడన్నవ్. సెకండియర్ అన్నవ్. నా హాస్టల్ల గసొంటి పిల్లలు పదిమంది ఉన్నరా? ఒక్కతే ఉన్నది.”

“ఉంటే? ప్రార్థన చేయమన్న గని చాటింపు వేయమన్ననా?”

“నేనేం చాటింపు వేయలె. వంటామెకు చెప్పిన, అది కూడ ఆ పిల్లను జర మంచిగ చూసుకోమని. నీ దగ్గర ఆగని మాట నా దగ్గర ఆగాల్నా?”

సంపూర్ణను గుమ్మంలోనే వదిలి, ఫ్లోరెన్స్ తాళాల గుత్తి నడుముకు దోపుకొని లోపలికి వెళ్లిపోయింది. ఆమె యూనివర్సిటీ కాలేజీ అమ్మాయిల హాస్టల్‌కు మేట్రన్. ఇల్లందులో ఇద్దరిదీ ఒకటే చర్చి, బుధవారం స్త్రీల కూడికలో ఇద్దరిదీ ఒకటే చాప. వాళ్ల మాటల్లోని ఆ పిల్ల, వనజ, పెట్టె సర్దుకొని హాస్టల్ విడిచిపోయి ఆ ఉదయానికి పన్నెండు రోజులు. ఈ వారం కూడా దాటితే హాజరు చాలదు, పరీక్షకు కూర్చోనివ్వరు.

సంపూర్ణకు నలభై నాలుగేళ్లు. తండ్రి యోనా బొగ్గుబావిలో పనిచేసి, బావి మూతపడ్డాక తాగుడికి దిగాడు. ఒక బుధవారం తల్లి కూడికలో లేచి నిలబడి, మొగుడు కొట్టిన దెబ్బలతో సహా అందరి ముందూ చెప్పుకుంది. ఆ వారం నుంచి ఇంటికి బియ్యం వచ్చాయి, కూరలు వచ్చాయి. ఇద్దరు పెద్దమనుషులు యోనాను కూర్చోబెట్టి మాట్లాడారు. పదకొండేళ్ల సంపూర్ణ ఇదంతా చూసింది. బాధను నలుగురిలో పెట్టడం తప్పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. బతికించింది అదే.

బొమ్మలు ఆమెకు చర్చిలోనే అలవడ్డాయి. ఆదివారం బడి పిల్లలకు అట్టల మీద గొర్రెలూ పడవలూ గీసేది. తరువాత గోడల మీద వాక్యాలు, దుకాణాల షట్టర్ల మీద పేర్లు రాసింది. నిచ్చెనెక్కి రంగులు వేసే ఆడమనిషిని చూడటానికి బస్టాండులో జనం ఆగేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. డ్రాయింగ్ హయ్యర్ సర్టిఫికెట్ చేతిలో ఉండబట్టి, హైదరాబాదులో మూడు వారాల శిక్షణ ఇప్పించి, కాలేజీలో దిగులుపడే పిల్లలు వచ్చి బొమ్మలు గీసుకుని మనసు విప్పుకునే విద్యార్థుల మనోబలం గదికి కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు.

మొదట్లో ఎవరూ రాలేదు. పిచ్చోళ్ల గది అని పేరు పెట్టారు. మగపిల్లలు తలుపులోంచి తొంగిచూసి, “మేడం, ఏనుగును గీస్తే ఎన్ని మార్కులేస్తరు?” అని నవ్వి పోయేవారు. సంపూర్ణ విసుక్కోలేదు. కాగితాలు, మైనపు రంగులు బల్ల మీద పెట్టి కూర్చునేది. గీసినవాళ్లను ఇదేంటని అడిగేది కాదు. గీసిన బొమ్మ వాళ్లదే. తీసుకుపోవచ్చు, చింపేయవచ్చు, ఉంచితే బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. శిక్షణలో నేర్పిన మొదటి నియమాన్ని తన అందమైన అక్షరాలతో గోడ మీద తనే రాసింది: ఈ గదిలో మాట ఈ గదిలోనే.

వనజ నాలుగు వారాలు వచ్చి నల్లరంగు తప్ప ఇంకొకటి ముట్టలేదు. ఐదోవారం ఒక బొమ్మ గీసింది. నేల మీద కూర్చున్న ఆడమనిషి. తల మీద జుట్టు లేదు. చుట్టూ కాళ్లు, మోకాళ్ల దాకానే. ఒక్కరికీ ముఖం లేదు.

“మా అమ్మ, మేడం. ఊర్ల ఇద్దరు పిల్లలు జరమొచ్చి పోయిన్రు. మా అమ్మ చేతబడి చేసిందన్నరు. గుండు కొట్టిచ్చి ఊర్లకెల్లి ఎల్లగొట్టిన్రు. ఈడ ఎవ్వలకు తెల్వది.”

“నా దగ్గర్నుంచి బయటికి పోదు బిడ్డా,” అంది సంపూర్ణ. మనసులో ఉన్న మాటే అంది.

ఆ బుధవారం కూడికలో ప్రార్థన అవసరతలు చెప్పమన్నప్పుడు లేచి నిలబడింది. పేరు చెప్పలేదు. పేరు లేకుండా ఒక తల్లినీ కూతురినీ దేవుడి ముందు పెట్టింది. దేవుడి ముందు పెట్టడం బయట పెట్టడమవుతుందని ఆమెకు తట్టలేదు. ప్రార్థన ఎత్తుకున్న పెద్దమ్మ గొంతు పెంచి, ఆ ఇంటి మీదున్న చీకటి శక్తుల బంధకాలు తెంచుమని వేడుకుంది. అందరూ ఆమేన్ అన్నారు. ఆ తల్లి ఏమీ చేయలేదు కదా, బంధకాలేమిటి అని సంపూర్ణకు అనిపించింది. అనిపించినా ఆమేన్ తనూ అంది.

పది రోజుల్లో హాస్టల్‌లో దువ్వెనలు దిండ్ల కిందికి పోయాయి. రాలిన వెంట్రుకను అమ్మాయిలు ఏరి కాల్చేయడం మొదలుపెట్టారు. వనజ మంచం పక్క మంచాలు రెండూ కిటికీ వైపుకు జరిగాయి. ఒక పిల్లకు జ్వరం వస్తే తండ్రి మోటార్ సైకిల్ మీద వచ్చి, వనజను పైనుంచి కిందికి చూసి, కూతుర్ని తీసుకుపోయాడు. మరునాడు వనజ వెళ్లిపోయింది. ప్రిన్సిపల్ రిజిస్టర్‌లో ఇంటి కారణాలు అని రాయమన్నాడు. ఆ మాట కూడా సంపూర్ణే తన అందమైన అక్షరాలతో రాసింది.

ఫ్లోరెన్స్‌తో పోట్లాడిన ఆ రోజే సెలవు పెట్టి టేకులపల్లి బస్సెక్కింది. అక్కడి నుంచి ఆటో, ఆపైన రెండు కిలోమీటర్లు నడక. తల్లీకూతుళ్లు వనజ మేనమామ పొలంలో, మిర్చి కల్లం పక్కన రేకుల పాకలో ఉంటున్నారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఇద్దరూ తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. తల్లి జంపక్క తల మీద కొంగు చెవుల వెనక్కి గట్టిగా దోపి ఉంది.

“ఎవలు?”

“మా కాలేజి మేడం అమ్మా,” అంది వనజ, చేతులు ఆపకుండా.

“ఓ. ప్రార్థన మేడమా.”

కూర్చోమని ఎవరూ అనలేదు. ఘాటుకు సంపూర్ణకు తుమ్ములు వచ్చాయి, కళ్ల నీళ్లు వచ్చాయి. ఆ నీళ్లను ఏడుపనుకుంటారేమోనని సిగ్గుపడి గబగబా తుడుచుకుంది.

“తప్పు నాదే. మంచి జరుగుతదని చెప్పిన. పేరు మాత్రం చెప్పలేదు, దేవుని తోడు.”

జంపక్క ఒక కాయను వెలుతురుకు పట్టి చూసి పక్కన పడేసింది. “అవ్ తల్లీ, నాకొకటి చెప్పు. మీ దేవుడు మనసుల అనుకుంటే వినడా? నలుగురున్నకాడ లేసి చెప్తెనే వింటడా?”

సంపూర్ణ వనజ వైపు తిరిగింది. “ఈ వారం దాటితే సంవత్సరం పోతది బిడ్డా. వేరే గది ఇప్పిస్త. హాస్టల్ పిల్లలందరినీ కూర్చోబెట్టి నేను మాట్లాడుత.”

“ఏమని మాట్లాడుతరు మేడం? మా అమ్మ చేయలేదనా? అట్ల చెప్పాల్నంటె మల్ల మొత్తం చెప్పాలె.”

“అయితే మాట్లాడను. నువ్వు వచ్చి పరీక్ష రాయి. చాలు.”

“ఊర్లోల్లకు సదువు లేదు, అందుకే గట్ల చేసిన్రు అనుకున్న. హాస్టల్లోల్లు డిగ్రీ సదువుతున్నరు. దువ్వెనలు దాచిన్రు.” వనజ మొదటిసారి తలెత్తింది. “మీరు రోజు నా ఎదురుంగ కూసుండి ఏమీ అడిగేటోల్లు కాదు. నాకు గది మంచిగనిపించేది మేడం. ఆ బొమ్మ ఇంకెవ్వలకు జూపిన్రు?”

“ఎవరికీ చూపలేదు. ఇగో, తెచ్చిన.”

సంపూర్ణ సంచిలోంచి కవరు తీసి ఇచ్చింది. వనజ విప్పి చూడలేదు. తల్లికి ఇచ్చింది. జంపక్క కవరును గంప కింద పెట్టి, దాని మీద గంప తిన్నగా ఆనిచ్చి, మళ్లీ కాయల మీదికి వంగింది.

“జల్దీ ఎల్లున్రి, సాయంత్రమైతే ఆటోలు దొరకయి,” అంది వనజ.

“మరి కాలేజీకి?”

“నేను రాను మేడం. టీసీ తీసుకుంట. ఎల్లుండి మా మామ వస్తడు, కాయితం తయారుగ పెట్టున్రి.”