గోదావరిలో పోయిన మా లావణ్య

నిన్న లంచ్ టైమ్‌లో లావణ్య భర్త రవి ఫోన్ చేశాడు.

"అక్కా, బోటు తిరగబడిందంట. లావణ్య పోయింది."

ఐర్లండ్‌లోని శాండీఫోర్డ్‌లో మా ఆఫీసు మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. "ఎవరు చెప్పారు?" అని అడిగాను. అంతకంటే తెలివితక్కువ ప్రశ్న ఉంటుందా?

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. నా ఫ్రెండ్ లావణ్య తన తమ్ముడి పెళ్ళికని రాజమండ్రి వెళ్ళింది. పెళ్ళయ్యాక చుట్టాలంతా పాపికొండలు చూడ్డానికి బోటెక్కారు. ఒక మలుపు దగ్గర ఫోటోల కోసం జనమంతా ఒకే పక్కకి చేరారట. బోటు ఒరిగి మునిగిపోయింది. చాలామంది పోయారు.

లైఫ్ జాకెట్లు ఇచ్చారట. ఉక్కగా ఉందని విప్పేశారట. మా లావణ్య కూడా.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇక్కడ వాళ్ళుండే క్లాండాల్కిన్‌లో కూతురు అన్వి కామోగీ ఆడుతుంటే హెల్మెట్ పట్టీ మళ్ళీ మళ్ళీ లాగి చూసే మనిషి!

కామోగీ అంటే ఆడపిల్లలు కర్రలతో బంతిని కొడుతూ ఆడే ఐరిష్ ఆట. దాని రూల్స్ లావణ్యకి ఎప్పుడూ అర్థం కాలేదు. అయినా వానలో గ్రౌండ్ పక్కన నిలబడి "కొట్టవే! చూస్తావేంటే!" అని అరిచేది. అది విని విని ఐరిష్ తల్లులు కూడా వాళ్ళ పిల్లల్ని చూసి "కొట్టవే" అని అరిచేవాళ్ళు. అన్వి మొహం దాచుకునేది.

ఫైనల్ మ్యాచ్ ఉందనే అన్వి పెళ్ళికి రానంది. రవికి సెలవు దొరకలేదు.

నిన్న సాయంత్రమే రవి బయల్దేరాడు. అన్విది ఐరిష్ పాస్‌పోర్ట్. ఇండియా వీసా వచ్చేదాకా అక్కడ అంత్యక్రియలు ఆపే పరిస్థితి లేదు. వాళ్ళమ్మని చివరిసారి చూసుకునే వీల్లేక ఇక్కడే ఉండిపోయింది.

రవి వెళ్ళాక కూడా వాళ్ళ ఇంటినిండా మనవాళ్ళే. చావింటి నుంచి వెళ్తూ మనం "వెళ్ళొస్తాం" అనం కదా. అందరూ తల దించుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అన్వి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

నేను కోటు వేసుకుంటుంటే అడిగింది. "ఆంటీ, వై ఈజ్ నోబడీ సేయింగ్ బై టు మీ? ఆర్ దే క్రాస్ విత్ మీ?" తన మీద వాళ్ళకి కోపమొచ్చిందా అని.



"వెళ్ళొస్తానమ్మా. బట్టలు తెచ్చుకుని ఇప్పుడే వచ్చేస్తా" అన్నాను. గేటు దాకా వినపడేలా అన్నాను.

అందరికంటే పట్టింపులు ఎక్కువున్న పద్మ ఆంటీయే ముందు వెనక్కొచ్చింది. అన్విని దగ్గరికి తీసుకుని "వెళ్ళొస్తా తల్లీ" అంది. తర్వాత మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చారు.

లావణ్యా, నీ పిల్ల దగ్గరికి మేం వస్తూనే ఉంటాం.

నువ్వింక ఏ బెంగా లేకుండా ప్రశాంతంగా పడుకో.